ఒక్కసారి ఫోన్ చేసి చూద్దాం

"పాఠం చెప్పామా, ఇంటికొచ్చామా అన్నట్టుండాలి. ఊళ్లో ఆడపిల్లల గొడవలు నీకెందుకు?" అన్నాడు భర్త ఫణిభూషణ్. కామేశ్వరి పచ్చడి రుబ్బుతూనే ఉంది. కాకినాడ నుంచి వచ్చి సుచిత్ర సెంటర్ దగ్గర కాపురం పెట్టిన నాటి నుంచీ, మేడ్చల్ కాలేజీలో ఆమె చేసే లెక్చరర్ పని ఇంట్లో ఎవరికీ పనిలా కనిపించలేదు. "ఏదో కాలక్షేపానికి వెళ్తోంది" అని అత్తగారు చుట్టాలతో నవ్వుతూ అనేది. వినగా వినగా, తన మాటకు బరువు లేదని ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టింది.

కానీ నిన్న డిగ్రీ చదివే ఝాన్సీ స్టాఫ్ రూంలో గుసగుసగా అన్న మాట ఆమెను నిలవనివ్వలేదు. "బస్టాండ్ల ఒక ఆంటీ కలిసింది మేడమ్. ముంబైల నౌకరీ ఇప్పిస్తదట. రేపే పోవాలె. ఎవ్వరికీ చెప్పొద్దన్నది. మా అమ్మకు సుత చెప్పలే."

కామేశ్వరి అప్పుడే ఆ పిల్లతో వాళ్ల ఊరు గౌడవెల్లి వెళ్లి, తల్లి సుందరమ్మకు అంతా చెప్పి వచ్చింది. ఇంటికి ఆలస్యమైంది. ఇవాళ పొద్దున్నే ఫణిభూషణ్ అన్న మాటలు అందుకే.

ఆంటీ రమ్మన్నట్టే పదింటికి కామేశ్వరి, ఆ తల్లీకూతుళ్లు మేడ్చల్ బస్టాండులో నిలబడ్డారు. ఆ ఆంటీ నవ్వుతూ వచ్చింది, వీళ్లను చూసి తడబడింది.

"మంచి ఉద్యోగమేనటగా. ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. మీరు ఇదివరకు పంపిన అమ్మాయికి ఒక్కసారి ఫోన్ చేసి చూద్దాం" అంది కామేశ్వరి.

"నమ్మకం లేకుంటే ఎట్లమ్మా? నంబర్ ఇంట్ల ఉంది."

"పోనీ, ఆఫీసు నంబరు?"

ఆమె గబగబా ఆటో ఎక్కేసింది. కామేశ్వరి ఆటో నంబరు చూసి, నేరుగా పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. మధ్యాహ్నానికల్లా ఆ ఆంటీ పోలీసులకు దొరికింది. ఆమెతో అదే రోజు ముంబై రైలెక్కాల్సిన సూరారం అమ్మాయిలు ఇద్దరు కూడా క్షేమంగా ఇల్లు చేరారు.

స్టేషన్ బయట సుందరమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇగ కాలేజీ బంద్. ఇంట్ల కూసో."

ఝాన్సీ మొహం వాడిపోయింది. రైలెక్కకుండా ఆపింది దీని కోసమా అనిపించింది కామేశ్వరికి.

"మోసం చేసింది ఆవిడైతే శిక్ష మీ అమ్మాయికా సుందరమ్మగారూ? ఈ పిల్ల నోరు విప్పి చెప్పబట్టే ముగ్గురు బయటపడ్డారు. చదువు మానిపిస్తే రేపు ఇంకో పిల్ల మనకేదీ చెప్పదు."

తన గొంతు అంత స్థిరంగా పలకడం ఆమెకే వింతగా ఉంది. సుందరమ్మ కూతురి చెయ్యి వదిలింది.

"సరే పో. రేపు జల్దీ లెవ్వు, బస్సు పోతది."

సాయంత్రం గుమ్మంలోనే ఫణిభూషణ్ ఎదురయ్యాడు. "ఇవాళా ఆలస్యమేనా?"

"ఇకనుంచి శనివారాలు ఇంకా ఆలస్యమవుతుంది. కాలేజీ అమ్మాయిలందరికీ ఈ మోసాల గురించి చెప్పాలి. ఝాన్సీ కూడా మాట్లాడతానంది."

"నన్నడిగావా?"

"లేదండీ. చెబుతున్నాను" అంది కామేశ్వరి, చెప్పులు విడుస్తూ.