హులిగెమ్మ కావలి

వడిసెలలో రాయి పెట్టుకుని, హులిగెమ్మ మంచె మీద చెవి ఒగ్గి కూర్చుంది. సజ్జ కంకులు పాలు పోసుకుంటున్నాయి. కొత్తగా ఏర్పడే ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని కాబోతున్నదని డోన్ సంతలో అందరూ చెప్పుకుంటున్న భాద్రపదం అది. ఆమెకు మాత్రం భాద్రపదమంటే ఉత్తరం నుంచి గోరంకలు వలస వచ్చే నెల.

మొగుడు పోయినప్పటి నుంచి శేషన్న చేనికి ఆమే కావలి. ఒకప్పుడు గుట్ట మీద మబ్బు తునకలా గుంపు లేవగానే కనిపెట్టేది. ఎండలో అవి ఒక్కసారిగా మళ్లితే నల్లటి రెక్కల నడుమ వీపులు గులాబి రంగులో మెరిసేవి. కేక వేయడం మరిచి చూసేది. రెండేళ్లుగా కళ్లకు పొర కమ్మింది. చేను పచ్చటి మసక, ఆకాశం తెల్లటి మసక. ఎవరికీ చెప్పలేదు. చెబితే మంచె దిగాలి. దిగితే ఇంకెవరు పనికి పిలుస్తారు?

తల మీదుగా రెక్కల హోరు సాగింది. గుంపు కీచుకీచుమంటూ తూర్పు మూలన దిగింది. కంకులు గలగలలాడాయి. హులిగెమ్మ లేచి, వడిసెల గిరగిర తిప్పి, ఆ చప్పుడు మీదికి విసిరింది.

పిట్టలు లేచాయి. వాటితోపాటు ఆడమనిషి కేక కూడా లేచింది.

"ఎవరమ్మా? యాడ తగిలె?" అని హులిగెమ్మ అరిచింది. మంచె గుంజ పట్టుకుని ముందుకు వంగింది. సజ్జ ఆకులు రాసుకుంటూ అడుగుల చప్పుడు దగ్గరైంది.

వచ్చింది చేలో గడ్డి కోస్తున్న గురమ్మ, శేషన్న భార్య. రాయి ఆమె చెవిని రాసుకుంటూ పోయింది. కమ్మ ఊడి నెత్తురు కారుతోంది. శేషన్న గట్టు మీది నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"కండ్లు యాడ పెట్టినావక్కా? ఇంకొంచెం ఇవతలైతే మనిషి పోతాండె!"

"అరవద్దు," అంది గురమ్మ. "నేను వంగుకోనుంటి. ఇంత సజ్జలో యెట్ల అగపడ్తా? అక్క తప్పేముండాది?"

ఆ మాట చాలు, మంచె మీది పని నిలుస్తుంది. హులిగెమ్మ వడిసెలను చుట్టి పక్కన పెట్టింది.

"నిలబడుకోనున్నా నాకు అగపడవమ్మా," అంది చివరికి. "రెండేండ్లాయ. చెవులతోనే కాస్తాండా."

హులిగెమ్మ నిచ్చెన తడుముకుంటూ దిగింది. పిట్టలు మళ్లీ పైన తిరుగుతున్నాయి. ఆమె ముఖం ఎత్తింది.

"వీపులు యెట్లుండాయి గురమ్మా?"

గురమ్మ కొంగుతో చెవి అదుముకుని పైకి చూసింది. "రోజాపువ్వు లెక్కనే అక్కా. శానా ఉండాయి."

హులిగెమ్మ తల ఊపింది. కాలితో నేల మీద అటూ ఇటూ తడిమింది. ఎవరినీ అడగలేదు. ఉత్త కాళ్లతోనే గట్టెక్కి ఊరి దిక్కు వెళ్లిపోయింది.

నిచ్చెనకు జానెడు దూరంలో, ఎండలో, ఆమె అరిగిన తోలుచెప్పులు జతగా ఉన్నాయి.