రాబందు దొర మొదటి మాట

జేవియర్ నీళ్ళలో మునిగిపోతున్నాడు. తల వెనక్కి వాల్చి, గుక్కెడు నీళ్ళు గొంతులో నిలిపి, వాటి మధ్యనుంచి కేక వేస్తున్నాడు. ఎదురుగా తెర మీద ఎవరో బంటు ఏట్లో కొట్టుకుపోతూ చేతులు ఆడిస్తున్నాడు. ఆ చేతులు మాయమయ్యే క్షణానికి జేవియర్ గొంతులో ఆఖరి బుడగ పగలాలి. పగిలింది. కాని అద్దం అవతలనుంచి సూర్యప్రకాశరావు మాట స్పీకర్లో వినిపించింది.

"బాగుందయ్యా. కాస్త ముందే పోయావు. వాడింకా చెయ్యి ఊపుతున్నాడు. ఇంకొక్కటి చేద్దాం."

"అలాగేనండీ."

జేవియర్ మగ్గులోంచి మళ్ళీ నీళ్ళు తీసుకున్నాడు. చొక్కా పై గుండీ పెట్టుకునే ఉంటుంది ఎప్పుడూ. మెడలో నల్లదారానికున్న చిన్న సిలువ గుండీకి తగిలి చప్పుడు చేస్తే మైకు పట్టేస్తుందని, షిఫ్టు మొదలవగానే దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. యాభై దాటిన మనిషి. ఒళ్ళంతా సన్నం, మెడ ఒక్కటే లావు. కేక వేసినప్పుడు ఆ మెడ మీద నరాలు తాళ్ళలా లేస్తాయి. కేక అయిపోయాక అవి అణగడానికి ఈమధ్య చాలాసేపు పడుతోంది.

మద్రాసులో ఉన్న రోజులనుంచీ అతని పని ఇదే. సంతలో గోల, సభలో జేజేలు, హీరో కొడితే ఎగిరిపడ్డవాడి మూలుగు. అన్నిటికంటే ముఖ్యంగా చావులు. బాణం తగిలినవాడికి ఒక రకం, విషం తాగినవాడికి ఒక రకం, కొండమీదనుంచి పడేవాడికి పొడుగాటి రకం. రేపల్లె దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకాలకు ఏటా హేరోదు రాజు వేషం వేసి, గొంతు బాగుందని నలుగురూ అంటే మద్రాసు రైలెక్కినవాడు. చావులు బాగా చెప్తాడని పేరొచ్చాక, బతికున్న పాత్ర ఇవ్వడం ఎవరికీ తోచలేదు. సినిమా పరిశ్రమ ఇక్కడికి తరలివస్తుంటే అతనూ మేరీ ఒక ట్రంకుపెట్టెతో వచ్చి షేక్‌పేటలో గది తీసుకున్నారు. ఇక్కడా ఎవరైనా పోవలసి వస్తే జేవియర్‌ని పిలవమంటారు.

ఈసారి బంటు సరిగ్గా మునిగాడు. జేవియర్ నీళ్ళు బకెట్లో ఉమ్మేసి, మైకు స్టాండు పట్టుకుని నిలబడిపోయాడు. రొమ్ములో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఎడమ దవడదాకా లాగింది. రెండు నెలలుగా వస్తున్న నొప్పే. పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, "ఇక అరవడం మానెయ్యాలి" అన్నాడు. "అరవడమే ఉద్యోగమండీ" అన్నాడు జేవియర్. ఆ డాక్టరు అదేదో హాస్యం అనుకుని నవ్వాడు. ఇంటికి వచ్చాక మేరీ మాత్రం నవ్వలేదు.

భోజనాల వేళ సూర్యప్రకాశరావు వరండాలో కనిపించాడు. ఏ సినిమాకైనా, టీవీ బొమ్మలకైనా ఎవరి గొంతు ఎవరికి పెట్టాలో చూసేది ఆయనే. జేవియర్ పొద్దుటినుంచీ కూడగట్టుకుంటున్న మాట అప్పుడు అడిగాడు.

"ఇవాళ సాయంత్రం ఆ బాతుపిల్ల బొమ్మల్లో రాబందు వస్తుందంటగదండీ."

"అవును, ఇవాళేగా."

"ఏ టేపు పంపారోనని..."

"నాకెక్కడ గుర్తుంటుందయ్యా. నీదీ ఆ పెద్ద ఆర్టిస్టుదీ రెండూ ఆఫీసులో ఇచ్చేశాను. పట్టాభిరామయ్యగారు ఏది పంపారో. పెద్దాయనది ఉండగా నీది పంపుతారంటావా?" అని, జేవియర్ ముఖం చూసి కాస్త తగ్గాడు. "చూడు. చూస్తే తెలుస్తుందిగా. అది సరే, రేపు కోటగోడ మీదనుంచి పడేవాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. వేరే ఎవరూ వద్దు, నువ్వొక్కడివి వస్తే చాలు."

"సాయంత్రం చెప్తానండీ."

సూర్యప్రకాశరావు ఆశ్చర్యంగా చూశాడు. జేవియర్ ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలాగేనండీ తప్ప ఇంకో మాట అనలేదు.

ఆ రాబందు సంగతి ఇది. పట్టాభిరామయ్య ఏలూరు వైపునుంచి వచ్చిన నిర్మాత. సినిమాల్లో దెబ్బతిని, ఏదో దేశపు పాత బొమ్మల సినిమాలు చవగ్గా కొని, కొత్తగా వచ్చిన తెలుగు ఛానెల్‌కి వారం వారం తెలుగులో ఇస్తానని ఒప్పుకున్నాడు. చెరువులో ఒక బాతుపిల్ల, దాని స్నేహితులు. నాలుగో వారంలో దానికి ఒక శత్రువు వస్తాడు. నల్లకోటు, వంగిన మెడ, చేతిలో గొడుగు. రాబందు దొర అని పేరు పెట్టారు. సినిమా విలన్లకు చెప్పే పెద్ద ఆర్టిస్టు ఒకాయన ఆ ఒక్కరోజే దొరుకుతానన్నాడని, వరుసలో నాలుగోదైనా, డబ్బింగు ఆ రీలుతోనే మొదలుపెట్టారు.

పూజ అయింది. రికార్డింగు యంత్రానికి దండ వేశారు. పెద్ద ఆర్టిస్టు మాత్రం రాలేదు.

"వర్జ్యం వచ్చేస్తోందయ్యా" అన్నాడు పట్టాభిరామయ్య. "ఎవరో ఒకరు ఒక మాట చెప్పండి. అది పట్టుకుంటే ముహూర్తం అయిపోయినట్టే. ఏంటి మొదటి మాట?"

సూర్యప్రకాశరావు కాగితం చూసి చదివాడు. "ఈ చెరువులో ఒక్క ప్రాణి మిగలకూడదు."

పట్టాభిరామయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. "కొత్త వ్యాపారం మొదలుపెడుతుంటే మొదటి మాట అదా? మంచి మాట ఏదైనా అనిపించు."

అందులో వింత లేదు. ఏ సినిమాకైనా ముహూర్తానికి మంచి మాట ఒకటి చెప్పించి, దండం పెట్టుకుని, తరువాత దాన్ని తుడిచేసి అసలు మాట పట్టుకుంటారు. కప్పల గోలకు వచ్చి మూల నిలబడ్డ జేవియర్ సూర్యప్రకాశరావు కంట్లో పడ్డాడు. "నువ్వు రావయ్యా. ఆశీర్వచనం ఏదైనా పలుకు."

పొద్దున్న వేరేచోట రెండు చావులు చెప్పి వచ్చాడు జేవియర్. గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. మైకుకి బాగా దగ్గరగా వెళ్ళి, ఆయాసం వినబడకుండా, ఒక్కొక్క మాటా కింద పెడుతున్నట్టు చెప్పాడు.

"చల్లగా ఉండండి నాయనా... పిల్లాపాపలతో చల్లగా ఉండండి."

తెర మీద రాబందు గొడుగు విప్పి, బాతుపిల్లల గూటి మీదకు వంగి, ముక్కు తెరిచి మూసింది. మాట దాని ముక్కుకి అతికినట్టు సరిపోయింది. హారతి పళ్ళెం పట్టుకున్న పట్టాభిరామయ్య చెయ్యి ఆగిపోయింది. తరువాత సూర్యప్రకాశరావు గొంతు తగ్గించి, "మిగతా రీలు కూడా ఇలాగే చెప్పు" అన్నాడు. "పెద్దాయన వచ్చాక మార్చుకుందాం. మార్చకపోతే మాత్రం రాబందు నీదే. మొత్తం అన్ని వారాలూ."

జేవియర్ ఆ రాత్రి మేరీతో ఆ మాట రెండుసార్లు చెప్పాడు. రాబందు కేకలు వెయ్యదు. పరుగెత్తదు. మెల్లగా వచ్చి మెల్లగా మాట్లాడుతుంది. అది దొరికితే ఇంకెవరికోసమూ చావనక్కర్లేదు. "దొరుకుతుందిలే" అంది మేరీ. ఆ వారమే పెద్ద ఆర్టిస్టు తీరిక చేసుకుని వచ్చి, తన రాబందుని తాను చెప్పి వెళ్ళాడని తరువాత తెలిసింది.

షిఫ్టు అయ్యాక హనుమంతు స్కూటరు మీద వచ్చాడు. షేక్‌పేటవాడు, ఆ రోజు బాతుపిల్ల రీలుకు రికార్డింగు చేసింది అతనే. జేవియర్ ఉండే గది వాళ్ళ వాకిట్లోదే.

"ఎక్కన్నా. టైమైతుంది. పిల్లలు టీవీ ముందు అప్పుడే కూసున్నరు."

స్కూటరు ఫిల్మ్ నగర్ దిగువకు దిగింది. పగలగొట్టిన బండల మధ్య కొత్త బంగళాలు, సగం కట్టిన గోడలు. గాలి ముఖానికి కొడుతుంటే జేవియర్ చొక్కా లోపల చెయ్యి పెట్టి రొమ్ము రుద్దుకున్నాడు.

"హనుమంతూ, ఏది వెళ్ళిందో నీకేమైనా తెలుసా?"

"నాకేం ఎరుకన్నా. టేపులు పోయిన నాడు నేను మా మామ దినాలకు పోయిన. పెద్దాయనది పోతే నాకే మంచిది, ఒక తీరుగ."

"అదేంటి?"

హనుమంతు స్కూటరు వేగం తగ్గించాడు. "నీ టేపుల ముహూర్తం మాట నేను తుడవలేదన్నా. ఊకె మరిచిపోయిన. మా మామ పోయిండని ఖబర్ వచ్చింది, లేచి ఉరికిన. రాబందు వచ్చుడు వచ్చుడే ఆశీర్వాదం ఇస్తది. పట్టాభి సార్ వింటే నన్ను ఉంచడు."

"నా టేపు వెళ్తే కదా" అన్నాడు జేవియర్.

"గదే. ఫికర్ చెయ్యకు, పోయి ఉండది" అన్నాడు హనుమంతు. అని, తాను అన్నదేమిటో అర్థమై, "నీ కోసమైతే నీదే పోవాలెనని ఉంది నాకు" అని గొణిగాడు.

హనుమంతు ఇంట్లో ముందు గదిలో టీవీ. అతని భార్య మంజులత చాప పరిచింది. మేరీ అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. చర్చికి కట్టుకున్న చీర ఇంకా మార్చలేదు. జేవియర్‌కి వైరు కుర్చీ వేశారు. మంజులత చాయ్ తెచ్చింది.

"మంచిగ లేవా అన్నా? ముఖమంత చెమట."

"స్కూటరు మీద వచ్చాం కదమ్మా."

"స్కూటరు మీద వస్తే చెమటేంది?"

అతను నవ్వి, గొంతుకోసం బుగ్గన పెట్టుకున్న కరక్కాయ ముక్క తీసి, సాసరు అంచున పెట్టి చాయ్ రెండు గుక్కలు తాగాడు. కప్పు కింద పెట్టేశాడు.

బొమ్మలు మొదలయ్యాయి. పేర్లలో పట్టాభిరామయ్యది పెద్ద అక్షరాల్లో వచ్చింది, సూర్యప్రకాశరావుది చిన్న అక్షరాల్లో. గొంతులు ఇచ్చినవాళ్ళ పేర్లు లేవు. బాతుపిల్ల చెరువులో ఆడుకుంది, కప్పలు గోల చేశాయి. ఆ కప్పల్లో సగం జేవియరే, కాని అతను వాటిని వినడం లేదు. మేరీ టీవీని చూడకుండా అతన్నే చూస్తోంది. కొంగల గుంపు ఒక్కసారిగా ఎగిరిపోయింది. నీటి మీద పొడుగాటి నీడ పడింది. నల్లటి గొడుగు విచ్చుకుంది. దాని కిందనుంచి వంగిన మెడ, బోడితల, గూటి మీదకు మెల్లగా దిగాయి.

పెద్ద ఆర్టిస్టు టేపయితే ఇప్పుడు ఉరిమినట్టు ఒక్క ప్రాణి మిగలకూడదు అనాలి.

"చల్లగా ఉండండి నాయనా... పిల్లాపాపలతో చల్లగా ఉండండి."

హనుమంతు నెత్తి కొట్టుకున్నాడు. "చూసినవా, అట్లనే పోయింది." చిన్నపిల్ల లేచి వెళ్ళి తల్లి కొంగులో దూరింది. "నాకే భయమైతుంది" అంది మంజులత. "తిట్టినా గింత భయం కాదు. గట్ల దీవించుకుంట వస్తే ఎట్ల?"

"అది జేవియర్ అన్న గొంతు" అన్నాడు హనుమంతు.

"అన్నదా? ఛీ, అన్న గట్ల ఉంటడా?"

మేరీ చెయ్యి చాపి భర్త మోకాలి మీద వేసింది. "నీదేనయ్యా" అంది. అతను విననివ్వమన్నట్టు వేలెత్తాడు. పెదాలు తెర మీది ముక్కుతో పాటు కదులుతున్నాయి. ప్రకటనలు వచ్చేదాకా అలాగే కదిలాయి. అప్పుడు అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"మేరీ, రేపు ఆ కోటగోడకి నేను రానని రావుగారికి చెప్పించాలి."

"నేను చెప్పిస్తాలే. నువ్వు పడుకుందువుగాని."

"ఇది అయిపోనీ."

ప్రకటనలు అయిపోయాయి. రాబందు దొర చెరువు గట్టున కూర్చుని, బాతుపిల్లను దగ్గరకు రమ్మని, ఊసులు చెప్పాడు. పెద్దపిల్ల చెవులు మూసుకుని వేళ్ళ సందుల్లోంచి చూసింది. హనుమంతు నవ్వాడు. మంజులత కొంగులో పిల్లను సర్దింది. దొర గొడుగు ముడిచి, మళ్ళీ వస్తానని మెల్లగా చెప్పి ఎగిరిపోయాడు. మేరీ చెయ్యి భర్త మోకాలి మీదే ఉంది. చెయ్యి తియ్యబోతే ఆ మోకాలు పక్కకు వాలింది. అప్పటిదాకా ఆమెకు తెలియలేదు. ఏ చప్పుడూ కాలేదు. ఒక నిట్టూర్పు అయినా లేదు.

తరువాతి వారాల్లో రాబందు దొరకు బాతుపిల్లను మించిన పేరు వచ్చింది. ఆ ముహూర్తం మాటను తుడవనివ్వలేదు పట్టాభిరామయ్య. దొర ఎప్పుడు వచ్చినా అదే అనాలన్నాడు. టోలిచౌకిలో బడి వదిలాక పిల్లలు గొడుగులు విప్పి, మెడలు వంచి, ఒకళ్ళనొకళ్ళు దీవించుకునేవాళ్ళు. మిగతా వారాలకు గొంతిచ్చిన పెద్ద ఆర్టిస్టు నాలుగోవారం టేపు తెప్పించుకుని, పదేపదే విని, ఆ మెల్లదనం పట్టుకున్నాడు. చాలావరకు పట్టుకున్నాడనే అన్నారు. హనుమంతు ఉద్యోగం పోలేదు. కోటగోడ మీదనుంచి ఎనిమిదిమందీ పడ్డారు. వాళ్ళకోసం కొత్తగా ఎవరినో పిలిచారు.

ఆ సాయంత్రం మాత్రం హనుమంతు, వాకిట్లోవాళ్ళు ఇద్దరు కలిసి జేవియర్‌ని ఎత్తుకుని అతని గదిలోకి తీసుకెళ్ళారు. మేరీ వాళ్ళ వెనక నడిచింది. మంజులత టీవీ కట్టేసి, పిల్లల్ని లోపలికి పంపి, ఖాళీ గదిలో లైటు వేసింది. వైరు కుర్చీ ఉన్నచోటే ఉంది. కింద చాయ్ మీద మీగడ కట్టింది. సాసరు అంచున, ఒకవైపు పంటిగాటుతో, కరక్కాయ ముక్క ఇంకా తడిగానే ఉంది.