పిన్నీసు చెప్పులు

ఉదయం గంట కొట్టి, మాధవయ్య వరండాలో వంగి పిల్లల చెప్పులు సర్దుతున్నాడు. సాయంత్రం కాళ్లు దూర్చి పరుగెత్తడానికి వీలుగా మొనలు గేటు వైపు తిప్పిపెట్టడం అతని అలవాటు. ఆళ్లగడ్డలోని ఆ బడిలో అటెండరుగా ఇరవై ఆరేళ్లు. పిల్లల పేర్లకన్నా చెప్పులే అతనికి బాగా గుర్తు.

ఐదో తరగతి యామినివి ఊదారంగువి. తెగిన పట్టీకి పిన్నీసు. పొద్దున్నే ఇంట్లో తండ్రి చెయ్యి లేచిన రోజు ఆ పిల్ల వట్టికాళ్లతో పరుగెత్తి వచ్చేది. అది గమనించి పెద్ద టీచరు ఏంజెల్‌కు చెప్పింది అతనే. మొన్న తల్లి చెయ్యి విరిగి నంద్యాల ఆసుపత్రిలో చేరింది. ఈవేళ యామిని వీపు మీద రాత్రి పడిన బెల్టు వాత చూసిన టీచరు, పిల్లల సహాయ నంబరుకు ఫోన్ చేసింది. నాలుగింటికల్లా జీపు పంపిస్తామన్నారు.

మూడున్నరకే తండ్రి రాజశేఖర్ గేటు దగ్గరికొచ్చాడు.

“బిడ్డను పంపు. ఊరికి పోతాండాం.”

“బెల్లు గాక పంపరప్పా.”

“బెల్లు కొట్టేవానికి ఇంత పెత్తనమా? దాని చెప్పులు ఆడనే ఉండాయిలే. యాడికి పోతాది?” గేటుకు ఆనుకుని, వరండా మీదే కళ్లు పెట్టాడు.

మాధవయ్య లోపలికి వెళ్లి టీచరుకు చెప్పాడు. ఆమె యామినిని లోపలి తలుపు గుండా వంటగదికి పంపబోయింది.

“తాతా, నా చెప్పులు?”

“వద్దు తల్లీ. అవి ఆడనే ఉండనీ.”

వెనక సందులోకి జీపు రాగానే వంటమనిషి యశోదమ్మ గిన్నె మోగించాలి. అంతవరకు బెల్లు కొట్టకూడదని టీచరు చెప్పింది.

నాలుగయింది. మాధవయ్య సుత్తి పట్టుకుని గంట కింద నిలబడ్డాడు.

“ముసలోడా, నిద్రపోతాండావా?”

“గడియారంలో సెల్లు అయిపోయినట్టుందప్పా.”

“నా ఫోన్‌లో నాలుగూ ఎనిమిది!” రాజశేఖర్ గేటు గడియ లాగి లోపలికి అడుగుపెట్టాడు.

వంటగది వెనక గిన్నె మోగింది.

మాధవయ్య ఎన్నడూ కొట్టనంత సేపు కొట్టాడు. పిల్లలు వరదలా వచ్చిపడ్డారు. ఆ తోపులాటలో రాజశేఖర్ వరండా చేరేసరికి తరగతి ఖాళీ.

“యాడరా నా బిడ్డ?” అంటూ అతను మాధవయ్య చొక్కా పట్టుకున్నాడు.

“బిడ్డను సర్కారు జీపులో పంపిన కాయితం టీచరమ్మ కాడ ఉండాది. చదువుకో.”

పిల్లల కోసం వచ్చిన తల్లులు కదలకుండా నిలబడి చూస్తున్నారు. చొక్కా మీద పట్టు సడలింది. రాజశేఖర్ టీచరు గది వైపు నడిచాడు.

యశోదమ్మ కాలుతున్న నేల మీద వట్టికాళ్లతో నడిచొచ్చింది. ఆమె చెప్పులు యామినితోపాటు జీపెక్కాయి.

“పెద్దవైనాయి దానికి. అయినా గట్టిగా పట్టుకుంది కాలి వేళ్లతో,” అంది.

అయిదింటికి మాధవయ్య వరండా ఊడ్చాడు. చివర మిగిలిన ఒక్క జతను కదిలించకుండా, చుట్టూ ఊడ్చాడు. పిన్నీసు గుచ్చిన ఊదారంగు చెప్పులు, మొనలు గేటు వైపు.