కట్ట కింద ఇల్లు

కోడలు ఆఖరి దుప్పటిని పిండి, దులిపి తీగ మీద ఆరేస్తోంది. తీగ దగ్గర నిలబడి తలెత్తితే మామగారి ఆనకట్ట కనిపిస్తుంది. ఈ వేళ అది పెళ్ళికూతురిలా ముస్తాబైంది. తనిఖీకి ఇంజనీరు వస్తోందని తెలిసినప్పటి నుంచి మామగారు గడ్డి కోయించి, పొదలు పీకించి, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు రాళ్ళకు సున్నం కూడా వేయించారు.

"ఫస్టు క్లాసు రావాలి. సెకండు క్లాసొస్తే నా పరువేం కాను?" అన్నారు పొద్దున.

వయసులో ఉండగా తన పొలంలో, వాగుకు అడ్డంగా, దగ్గరుండి మట్టి పోయించి కట్టించుకున్న కట్ట అది. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోరు. అందుకే, తనూ మొగుడూ కట్ట కింద ఇల్లు వేసుకున్నాక వాన పడ్డప్పుడల్లా గుండెల మీద కుంపటి పెట్టుకున్నట్టుందని కోడలు ఆయనతో ఎన్నడూ అనలేదు. మొగుడితో అంటే, "నాన్న వింటే ఇంకేమైనా ఉందా?" అని అటు తిరిగి పడుకునేవాడు.

ఇంజనీరమ్మ కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. నీళ్ళు వదిలే తూము చూసింది. అలుగు వెడల్పు కొలిచింది. ఆ తరువాత కట్టకు వీపు తిప్పి, వాగు వెంట కిందికి దిగడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్! కట్ట ఇక్కడుంటే అటెక్కడికి?" మామగారు కేకేశారు.

"చూడాల్సింది ఇటే ఉందండీ."

తిన్నగా కోడలి దగ్గరికొచ్చి ఆగింది. "ఇంట్లో రాత్రిళ్ళు ఎంతమంది పడుకుంటారమ్మా?"

"నేనూ, మా ఆయనా, పాపా."

"పై నుంచి అరిస్తే వినబడుతుందా?"

"వానలోనా?" ఇన్నాళ్ళుగా ఒక్కరూ అడగని ప్రశ్న. కోడలు తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "వినబడదండీ. అందుకే వానొస్తే నేను పడుకోను. పాపని ఒళ్ళో వేసుకుని, చెప్పులు తొడుక్కుని కూచుంటాను."

అందరూ ఇంట్లో కూర్చున్నాక ఇంజనీరమ్మ అసలు సంగతి చెప్పింది. "ప్రమాద వర్గాల్లో అన్నిటికన్నా పైది రాస్తున్నానండీ."

మామగారి ముఖం మాడిపోయింది. "చుక్క కారని కట్టకా? కళ్ళద్దాలు తుడుచుకునే చూశావా తల్లీ?"

"ఇది కట్టకు వేసే మార్కు కాదండీ. కట్ట ఎంత గట్టిదైనా, ఒకవేళ తెగితే కింద ప్రాణాలు పోతాయా అని చూసి పెట్టే వర్గం. మీరు కట్టినప్పుడు కింద ఏముండేది?"

"చిక్కుడు తోట."

"అప్పుడైతే అన్నిటికన్నా కిందిది రాసేదాన్ని. ఇప్పుడు మీ మనవరాలుంది. అలుగేమో ఇరుకు. పెద్ద వానొస్తే నీళ్ళు కట్ట మీదుగా పొర్లుతాయి. దాన్ని వెడల్పు చేయించేదాకా నీళ్ళు నిలువెత్తు దించి ఉంచాలి."

"నిలువెత్తా! ఎవరి నిలువు?"

"మీదే అనుకోండి."

కొడుకు నవ్వబోయి, తండ్రి ముఖం చూసి దగ్గేశాడు.

మామగారు కోడలివైపు తిరిగారు. "ఇందాక నీ దుప్పటి వెనకే ఉన్నాను. నిజంగానే చెప్పులేసుకుని కూచుంటావా?"

"అవును మామయ్యా."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"మీ కట్టని అనుమానించినట్టుంటుందని."

కొడుకు నేలచూపులు చూస్తున్నాడు. ఇంజనీరమ్మ రాసుకుంటోంది. తనది పిచ్చి భయం కాదు, దానికి ప్రభుత్వంలో ఒక వర్గమే ఉందనుకుంటే కోడలికి ఒళ్ళంతా తేలికైపోయింది. ఆపుకుందామన్నా ఆగకుండా, నోరంతా తెరుచుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేంత ఆవలింత వచ్చింది.

"ఇంటికి మనిషొస్తే ఏంటే అది?" మొగుడు గొణిగాడు.

"నిద్రొస్తోందండీ," అంది, నవ్వు ఆపుకోలేక.

మామగారు లేచారు. ఇంజనీరమ్మకు చూపిద్దామని తెచ్చి గోడకు ఆనించిన, తూము తెరిచే పిడిని భుజానికెత్తుకున్నారు. ఎవరి వైపూ చూడకుండా గుమ్మం దిగి, నీళ్ళు దించడానికి కట్టవైపు నడిచారు.