అమావాస్య నాడు తీసిన ఊరు

నేను ఒక ఊరికి కవలను. నీలగట్టు మున్సిపాలిటీకి కంప్యూటర్లో పుట్టిన తోబుట్టువును. కాగితాల మీద నన్ను డిజిటల్ ట్విన్ అంటారు. మనిషికైతే పురిటినొప్పులు, నాకైతే డ్రోను చప్పుడు. ఒక్కరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది ఊరి మీద తిరిగి ఫొటోలు తీసింది. ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసే నవనీత వాటిని ఒకదానికొకటి అతికించి నన్ను తయారుచేసింది. ప్రతి గోడా, ప్రతి నీళ్ల ట్యాంకూ, ఆఖరికి డాబాల మీద ఎండబెట్టిన మిరపకాయలు కూడా నాలో ఉన్నాయి. అబ్బో, నాకు తెలియనిది ఊళ్లో లేదనుకున్నాను. ఆ పొగరు ఎంతోకాలం నిలవలేదు లెండి.

ఊరి ప్లాను ఊరివాళ్లే చూసి చెప్పాలని నన్ను ఫంక్షన్ హాల్లో పెట్టారు, వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర మీద. మనుషులు భలేవాళ్లు. ఊరంతా చూపిస్తానంటే ముందు ఎవరింటిని వాళ్లు వెతుక్కున్నారు. ఒకాయన తన ఇంటి మెట్లు రోడ్డు మీదికి వచ్చినట్టు కనబడేసరికి "కెమెరా వంకరగ తీసింది సార్, సరిజేయున్రి" అని గొడవకు దిగాడు. నవనీత నవ్వు ఆపుకుంది.

అసలు సంగతి బస్సుల పార్కింగు. వాగు ఒడ్డున నాలో పచ్చరంగు పూసిన జాగా ఒకటి ఉంది. దాని మీద 'ఖాళీ స్థలం' అని రాసి ఉంది. "ఇది మన ఊరికి కవల, ఊళ్లో ఉన్నదే ఇందులో ఉంటుంది" అని చెప్పి, అక్కడ పార్కింగు కట్టడం ఇష్టమేనా అని కమిషనరు అడిగారు. ఖాళీదే కదా అని హాలంతా చేతులెత్తింది. సాయంత్రం అయిదుకల్లా తీర్మానం పైకి పోతుంది. పోయాక మార్చడం ఎవరి తరమూ కాదు.

అప్పటికి ఊరి బట్టలు ఉతికే కొమురవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. మీటింగుకు ఆమెను ఎవరూ పిలవలేదు. హాలులో జరిగిన సుగుణ పెళ్లి తాలూకు టేబుల్ గుడ్డలు ఉతకడానికి తీసుకుపోదామని వచ్చింది. మూట చంకన పెట్టుకుని తెర వంక చూసి గతుక్కుమంది.

"గది మా బయలు గదనే బిడ్డా! ఖాళీ అని ఎట్ల రాసిన్రు? ఇరవై ఇండ్లోళ్లం ఆడనే ఆరేస్తం. అది వోతే మేమేడికి వోవాలె?"

"చూడవ్వా, అక్కడేం లేదు" అని నవనీత ఆ జాగాను పెద్దది చేసి చూపించింది. నిజమే. వరసగా గుంజలు, కింద గడ్డి. ఒక్క దండెం లేదు, ఒక్క గుడ్డ లేదు. నేను ఉన్నదున్నట్టు చూపిస్తానని అప్పటికీ గర్వంగానే ఉన్నాను.

కొమురవ్వ ఆ ఉత్త గుంజల వంక చూసింది. "గీ ఫొటోలు ఏ దినం తీసిన్రు?"

నవనీత తారీఖు చెప్పింది. ఎవరో గోడకున్న క్యాలెండరు వెనక్కి తిప్పి చూశారు. అమావాస్య.

"గదీ ముచ్చట!" అంది కొమురవ్వ. "అమాస నాడు మా వాడకట్టుల ఎవ్వరం బట్ట తడపం. దండేలు గూడ ఇప్పి ఇంట్ల పెడ్తం. నెలకు ఒక్కనాడు మేం లేకుంటే, ఆ ఒక్కనాడే జూసి ఖాళీ అంటరా? కవలలని చెప్తున్రు గదా. ఒకలకు జరమొస్తే ఇంకొకలకు రావాలె. మరి మేం ఆడుంటే గీండ్ల ఎందుకు లేం?"

నాకు సిగ్గేసింది. నేను అబద్ధం చెప్పలేదు, కానీ ఆమె బతుకును ఖాళీ అన్నాను.

కమిషనరు గడియారం చూసుకున్నారు. "ఇప్పుడెట్లమ్మా, టైమైపోతుంది" అన్నారు.

"మనం ఊరివాళ్లను పిలిచింది చెప్పమనే కదా సార్" అని నవనీత కొమురవ్వను తెర దగ్గరికి తీసుకొచ్చింది. నాలో పెట్టడానికి చెట్టు బొమ్మ ఉంది, బెంచీ బొమ్మ ఉంది, లైటు స్తంభం బొమ్మ ఉంది. దండెం బొమ్మ ఉండాలని ఎవరికీ తోచలేదు. కొమురవ్వ మూట కింద పెట్టింది. చేయి కొంగుకు తుడుచుకుని, గుంజ నుంచి గుంజకు వేలితో గీత గీసింది. వంకర గీతలు. ఒక్కోటి గీస్తూ అది ఎవరింటి బట్టలదో చెప్పుకుంటూ పోయింది.

"గిది మీ దుప్పట్లది సారూ" అంది కమిషనరుతో. "గిది మెట్లాయన లుంగీలది."

హాలంతా గొల్లుమంది. మెట్లాయన కూడా నవ్వేశాడు. పార్కింగు అక్కడే కావాలన్నవాళ్లను మళ్లీ చేతులెత్తమంటే ఇద్దరే ఎత్తారు, వాళ్లలో మెట్లాయన లేడు. తీర్మానం ఆగింది. పార్కింగు పాత రైసుమిల్లు వెనక్కి పోయింది.

పది రోజులకు డ్రోను మళ్లీ ఎగిరింది, ఈసారి కొమురవ్వ చెప్పిన రోజున. ఇప్పుడు నాలో ఆ జాగా పేరు 'ఆరేసే బయలు'. తర్వాతి మీటింగులో కొమురవ్వకు ముందు వరసలో కుర్చీ వేశారు. ఆమె కూర్చోకుండా తిన్నగా తెర దగ్గరికే వచ్చింది.

"అగో, సుగుణ పెండ్లి చీర! ఇంక తడి గూడ ఆరలే" అని మురిసిపోయింది.

ఆ చీర ఎప్పుడో ఆరి, ఇస్త్రీ అయి, సుగుణ ఇంటికి చేరింది. నాలో మాత్రం ఇంకా తడిగానే వేలాడుతోంది. ఎన్ని అమావాస్యలు వచ్చినా దాన్ని అక్కడి నుంచి ఎవరూ తీయరు.