ఎవరి ఎడమ

వెండిరంగు పొరను నీళ్ళలో తడిపి, చెరో కొస పట్టుకుని, బావా బామ్మర్దులిద్దరూ మట్టికారు మూతి మీద పరుస్తున్నారు. చూసేవాళ్ళకి మంచం మీద దుప్పటి పరిచినట్టే ఉంటుంది. దుప్పటికి ముడత పడితే నిద్ర పాడవుతుంది, అంతే. ఈ పొర కింద ఒక్క బుడగ మిగిలితే చేసిన పనంతా పాడైనట్టే కనిపిస్తుంది. స్పాంజిలతో నీళ్ళు బయటికి నెట్టుకుంటూ, ఆయన అటునుంచి, ఇతను ఇటునుంచి వచ్చి, సరిగ్గా ముక్కు మీద కలుసుకున్నారు.

"నీ చెయ్యి చల్లగా ఉందేంరా?" అన్నాడు బావ.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి బావా."

"నాకూ అవే నీళ్ళేగా. భయంరా అది. మీ అక్కని మొదటిసారి చూసినప్పుడు నా చేతులూ ఇలాగే చల్లబడ్డాయి. మళ్ళీ వేడెక్కితే ఒట్టు."

ఇంతకీ అది నిజం కారు కాదు. లోపల చెక్క, దాని మీద నురగదిమ్మ, ఆపైన పొయ్యిలో మెత్తబరచి చేతులతో అద్దిన గోధుమరంగు మైనపుమట్టి. కొత్త కారు ఎలా ఉండాలో ముందుగా మట్టితో అసలు కారంత సైజులో చేయించి చూసుకుంటారు పెద్దలు. ఆ వెండిపొర పరిస్తే మట్టి కూడా రంగేసిన రేకులా మెరుస్తుంది. ఈసారిది మామూలు కారు కాదు. డబ్బున్నవాళ్ళు ముందు ఇద్దరు హాయిగా, వెనక ఇద్దరు మోకాళ్ళు ముడుచుకుని, ఎంత దూరమైనా అలుపు లేకుండా పోయే పొడుగాటి రెండు తలుపుల కారు. దాని రూపం గురించి పై అంతస్తులో ఎంతకీ మాట కుదరలేదు. ఒకరు ఔనంటే ఒకరు కాదన్నారు. చివరికి ఒకే మట్టికారును నడిమికి రెండుగా విడదీసి, ఒక్కో సగం ఒక్కో తీరుగా చెయ్యమన్నారు. కుడి సగం బావ చేశాడు. ఎడమ సగం బామ్మర్ది చేశాడు.

కుడి అంటే డ్రైవరు సీట్లో కూర్చున్నవాడి కుడి. ఆ పనివాళ్ళు కారు ముందు నిలబడినా, వెనక నిలబడినా, కింద పడుకున్నా అదే కుడి, అదే ఎడమ. బామ్మర్ది పనిలో చేరిన రోజునే బావ ఈ మాట చెప్పి, చెవి మెలిపెట్టి మరీ గుర్తుపెట్టించాడు.

బావ చేసిన వైపు ఎక్కువ హంగు లేదు. దీపం దగ్గర పుట్టిన ఒక్క గీత తలుపు మీదుగా తీరిగ్గా సాగి, వెనక చక్రం దాటాక, మాట మధ్యలో నిద్రపోయినవాడి గొంతులా ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోతుంది. బామ్మర్ది వైపు అన్నీ అంచులే. పెద్ద నోరు, చిట్లించిన కళ్ళు, చక్రం మీద కండ పొంగినట్టు ఉబ్బు. ఎవరి సగం వాళ్ళకి ముద్దే. కాకపోతే సాయంత్రాలు ఎవరూ లేనప్పుడు బామ్మర్ది అరచెయ్యి తన వైపు కాకుండా బావ గీత మీదే ఎక్కువసేపు తిరిగేది. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

బావ పొట్టిగా, గట్టిగా ఉంటాడు. గోళ్ళ చుట్టూ గోధుమరంగు ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదు. మట్టి మీద గీత ఎలా నడవాలో చూసుకోవడానికి అంటించే సన్నటి నల్లటేపు చుట్ట మణికట్టుకి గాజులా వేలాడుతూ ఉంటుంది. వాడిన ప్రతిసారీ దాని కొసను గోరంత లోపలికి మడిచిపెడతాడు.

"తర్వాత తీసుకున్నవాడు కొస కోసం గోళ్ళతో గీరుకుంటూ కూర్చోకూడదురా" అంటాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఎన్ని సగాలు చేశాడో. ఏ ఒక్కటీ రోడ్డెక్కలేదు. ప్రతిసారీ అవతలి సగమే నచ్చేది పెద్దలకి. ఆయన మట్టి మళ్ళీ పొయ్యిలోకే పోయేది. "కార్లు చేస్తావని చెప్పుకుంటావు, చూపించడానికి గోళ్ళలో మట్టి తప్ప ఏముంది?" అని అక్క దెప్పేది. ఆవిడ నవ్వుతూనే అనేది, ఆయనా నవ్వుతూనే వినేవాడు. కానీ ఈమధ్య ఆయన చెయ్యి కొంచెం వణుకుతోంది. ఇదే ఆఖరి కారని మేస్త్రీకి చెప్పేశాడు. తన వైపు ఉంచితే పూర్తయ్యేదాకా ఉంటాడు. లేదంటే ఆ పూటే సెలవు.

"ఒక్కటి రోడ్డెక్కితే చాలురా. మీ అక్కని తీసుకెళ్ళి రోడ్డు పక్కన నిలబెట్టి, అదిగో ఆ నడుము నాదే అని చూపిస్తా."

"కారు నడుమనే చెప్పు బావా, లేకపోతే అక్క ఊరుకోదు" అన్నాడు బామ్మర్ది.

పెద్దలు వచ్చారు. బొమ్మలు గీసేవాళ్ళకి పైఅధికారి కళ్ళజోడమ్మ, అమ్మకాలు చూసే అమ్మకాలాయన, అందరికీ పైన పెద్దాయన. మేస్త్రీ కారు తోక దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బామ్మర్ది ముందు చక్రం పక్కన స్పాంజితో కూర్చుండిపోయాడు. బావ పొయ్యి దగ్గరికి వెళ్ళి వీపు తిప్పుకున్నాడు. తీర్పు చెప్పే వేళ ఆయన ఎప్పుడూ చూడడు.

"ఈ ముఖం చూడండి. ఎవరో కాలు తొక్కితే తిట్టబోతున్నట్టుంది" అంది కళ్ళజోడమ్మ, బామ్మర్ది చేసిన వైపు చూపిస్తూ.

"అలాగే ఉండాలండీ. అద్దంలో చూడగానే ముందువాడు తప్పుకోవాలి. అవతలి వైపుదేమో, దారి ఇస్తారా బాబూ అని అడుక్కుంటున్నట్టుంది" అన్నాడు అమ్మకాలాయన.

"నిజంగా డబ్బున్నవాడు అరవడు."

"మీరు వాళ్ళకి బొమ్మలే గీశారు. నేను కార్లు అమ్మాను. వాళ్ళు అరిచినట్టు ఎవరూ అరవరు."

అలా వాదించుకుంటూనే ఇద్దరూ హాలు తలుపు దాకా వెళ్ళిపోయారు. పెద్దాయన ఒక్కడే కారు ముక్కు ఎదురుగా మిగిలాడు. మోకాళ్ళు టకటకమంటుండగా గొంతుక్కూర్చుని, చాలాసేపు చూశాడు. తర్వాత తన ఎడమ చెయ్యి చాపి, ఎదురుగా ఉన్న బావ దీపం పైభాగాన్ని, పసివాడి నుదురు నిమిరినట్టు నిమిరాడు.

"ఈ ఎడమది ఉంచండి. రెండోది తీసేయండి" అని లేచి వెళ్ళిపోయాడు.

కారుకి ఎదురుగా నిలబడ్డవాడి ఎడమ, కారుకి కుడి. ఆ చెయ్యి ఎటు చాపాడో చూసింది బామ్మర్ది ఒక్కడే. తోక దగ్గరున్న మేస్త్రీకి మాట మాత్రమే వినపడింది.

"ఎడమదట. నీదే నెగ్గిందిరా" అని మేస్త్రీ వచ్చి భుజం తట్టాడు.

కాదండీ, ఆయన ఎడమండీ అది. అంతే, అనాల్సింది. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ తెరిచిన నోటికి నవ్వు వచ్చి కూర్చుంది. తన ముఖం తన మాట వినకుండా నవ్వుతోందని తెలుస్తూనే ఉంది. చెవులు కాలిపోతున్నాయి.

బావ ఇటు తిరిగాడు. దగ్గరికి వచ్చి, బామ్మర్ది జుట్టు చెరిపేసి, "నేర్పింది ఎవరనుకున్నావురా" అన్నాడు.

తన వైపు పొర తనే ఒలిచాడు. బామ్మర్ది గోకుడు రేకు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. నువ్వు మొహమాటపడుతూ గోకుతావు. నేనైతే నిర్దాక్షిణ్యంగా గోకేస్తా. అలవాటైన పని."

గీత మొదలైన చోటునుంచే మొదలుపెట్టాడు. మట్టి సన్నటి చుట్టలు చుట్టలుగా కింద పడింది. బామ్మర్ది వాటిని తట్టలోకి ఎత్తి పొయ్యిలో పెట్టాడు. మెత్తబడ్డాక అదే మట్టిని తెచ్చి, తన వైపు ముఖానికి జోడీగా కుడివైపు అద్దడం మొదలుపెట్టాడు. వేళ్ళకి వెచ్చగా తగులుతుంటే, ఎవరో తన చెయ్యి పట్టుకున్నట్టుండి, మాటిమాటికీ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ఒక ఆశ మాత్రం మిగిలింది. పెద్దాయన వచ్చి చూసి కేకలేస్తాడు. పొరపాటు బయటపడుతుంది. తను చెప్పక్కర్లేకుండానే అంతా సరిపోతుంది. ఆ తిట్లకోసం, వానకోసం చూసినట్టు తలుపువైపు చూశాడు.

మధ్యాహ్నం దాటాక పెద్దాయన నిజంగానే తల లోపలికి పెట్టాడు. సగం చెరిగిన నడుమునూ, మిగిలిన వైపు పెద్ద నోటినీ చూశాడు.

"ఆఁ, ఇదేగా నేను చెప్పింది. బాగుంది" అని వెళ్ళిపోయాడు.

ఇక చెప్పేవాడంటూ మిగిలితే అది తనొక్కడే.

పొద్దువాలేవేళ చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. బావ గోళ్ళలో బ్రష్షు పెట్టి తోముకుంటున్నాడు.

"బావా" అన్నాడు బామ్మర్ది, నీళ్ళకేసి చూస్తూ. "ఆయన చెయ్యి నీ వైపు చాపాడు. నీదే ఉంచమన్నాడు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను."

బావ బ్రష్షు ఆపాడు. బామ్మర్ది ముఖంలోకి చూసి, మెల్లగా నవ్వాడు.

"మీ అక్క ఎప్పుడూ చెబుతుంది. చిన్నప్పుడు గోళీలాటలో గెలిచి, ఏడుస్తున్నవాడి జేబులో మళ్ళీ ఆ గోళీలు వేసొచ్చేవాడివట. ఇంకా ఆ బుద్ధి పోలేదురా నీకు."

"కాదు బావా, నిజంగా..."

"చాల్లే. ఈ వయసులో నన్ను ఓదార్చాలా? నీది బాగుంది కాబట్టే ఉంచారు."

గట్టిగా చెప్పాలి. చెయ్యి పట్టుకుని ఆపాలి. కానీ ఆయన కళ్ళల్లో తను మంచివాడుగా కనిపిస్తున్నాడు. అది చెడగొట్టుకోవడానికి మనసొప్పలేదు. పొద్దున ఊరుకున్నది గాభరాతో అని సర్దిచెప్పుకోవచ్చు. ఇప్పుడు ఊరుకున్నదానికి ఏ పేరూ దొరకలేదు. కుళాయి ఇంకొంచెం తిప్పి, శుభ్రంగా ఉన్న చేతులనే మళ్ళీ కడుక్కున్నాడు.

బావ చొక్కా మార్చుకుని, అన్నం డబ్బా చంకలో పెట్టుకుని, మేస్త్రీకి చెప్పి బయల్దేరాడు. "ఇంత వెలుగుండగా ఇంటికొస్తే మీ అక్క నన్ను పనిలోంచి గెంటేశారనుకుంటుంది" అని నవ్వి, కారువైపు చూడకుండానే తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు.

బామ్మర్ది మళ్ళీ హాల్లోకి వచ్చాడు. రేపటి పనికి గీత పెట్టుకోవాలి. కిటికీ గట్టు మీద, తనకి అందేచోటే, నల్లటేపు చుట్ట ఉంది, కొస గోరంత లోపలికి మడిచి.