తాగదు, రుచి చూస్తది

జగిత్యాల ఆస్పత్రి ఆడవాళ్ల వార్డులో మూడో రోజు పొద్దున మొగిలవ్వ దుప్పటి దారాలు పీకడం మొదలుపెట్టింది. చచ్చిపోయి పదేళ్లయిన మొగుడు ఆగయ్యను తాటిచెట్టు దిగమని కేకేస్తోంది. చెమటకు జాకెట్టు తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు, అది బాగానే జరిగింది. మరి ఇదేంటి? పది గంటలకు ఫిట్స్ వచ్చాయి. నాలుక కొరుక్కుంది, నోట్లోంచి నెత్తురు.

మనుమరాలు సుస్మిత పక్కనే ఉంది. సిరిసిల్లలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. తెల్లకోటు బ్యాగులోనే ఉంది, బుర్రలో మాత్రం ఏమీ లేదు. బాపమ్మ తలను పక్కకు తిప్పి పట్టుకుని నర్సును పిలవడం ఒక్కటే చేయగలిగింది.

డ్యూటీ డాక్టర్ నవనీత తల స్కాన్ తీయించింది. గడ్డ లేదు, నెత్తురు కారలేదు. షుగర్ సరిగ్గానే ఉంది, నెత్తుట్లో ఉప్పు శాతమూ అంతే. కేస్ షీట్ తిరగేసి, మత్తు అలవాటు ఏదైనా ఉందా అని మళ్లీ అడిగింది.

"లేదు మేడం. తాగదు," అన్నాడు దివాకర్. మొగిలవ్వ చిన్నకొడుకు, సుస్మితకు కాక. కథలాపూర్‌లో కల్లు దుకాణం అతనిదే. చెట్టు మీంచి పడి నడుం విరిగిన అన్న, అంటే సుస్మిత తండ్రి జీవన్ ఇంటిని నడిపేదీ, సుస్మితను చదివించేదీ అతనే.

షీట్‌లో కూడా 'లేదు' అనే ఉంది. చేర్చిన రోజు ఆ ముక్క రాసింది సుస్మితే. అబద్ధమని తెలిసి రాయలేదు. ఆ ఇంట్లో అందరూ నమ్మే మాటే అది. తాగేవాళ్లు దుకాణం ముందు బెంచీల మీద కూర్చుంటారు. బాపమ్మ ఇంటి వెనక డ్రమ్ము దగ్గర పీట మీద కూర్చుంటుంది. తాగడం వేరు, రుచి చూడడం వేరు.

ఫిట్స్ ఆగడానికి వేసిన సూది మత్తు దిగి మొగిలవ్వ కళ్లు సగం తెరిచింది. కుడిచేయి పైకి లేచింది. చేతిలో గ్లాసు లేకున్నా ఉన్నట్టే వేళ్లు ముడుచుకున్నాయి. పెదవుల దాకా తెచ్చి, గుటక వేసి, నాలుక అంగిలికి కొట్టి, కాసేపు ఆలోచించి అడ్డంగా తల ఊపింది. మళ్లీ చేయి లేపింది. మళ్లీ గుటక. ఈసారి నిలువుగా ఊపింది.

ఆ సైగ సుస్మితకు తెలుసు.

ఆరేళ్లుగా రోజూ పొద్దున ఇదే తంతు. చెట్లు గీసేవాళ్లు ముగ్గురే మిగిలారు, తాగేవాళ్లు నాలుగు ఊళ్లు. నీళ్లు, చక్కెర పొడి, మత్తుకు తెల్ల మందు, మీద నురగ కోసం కాసింత అసలు కల్లు. దాని రుచి అసలు కల్లులా ఉందో లేదో చెప్పగలిగేది ఆ ఇంట్లో ఒక్క మొగిలవ్వే. ఆమె ఊ అనేదాకా దివాకర్ గ్లాసు మీద గ్లాసు ఇచ్చేవాడు. అదీ ఇంకా నీళ్లు పూర్తిగా కలపని చిక్కటి సరుకు. రోజుకు నాలుగు, ఒక్కోసారి ఆరు. బెంచీ మీద కూర్చున్న తాగుబోతు కంటే ఎక్కువ మందు ముసలామె మింగింది. మూడు రోజులుగా మంచం మీద ఉంది, ఒక్క గ్లాసూ లేదు.

సుస్మిత వెళ్లి డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. నవనీత తిట్టలేదు. ఈ ప్రాంతంలో ఇట్లాంటివి తనకు కొత్త కాదనీ, మూడు రోజుల కిందటే చెప్పి ఉంటే ఫిట్స్ వచ్చేవి కావనీ అంది. ఏళ్ల తరబడి మెదడును నొక్కిపెట్టిన మందును ఒక్కసారిగా ఆపితే అది ఇట్లా ఎగిరిపడుతుంది. అదే జాతి మందును కొలిచి ఇచ్చి, మెల్లగా తగ్గించాలి.

"నేను మొదలుపెడత. కానీ ఏం కలిపిండో తెలువాలె," అంది నవనీత. "ఒక్కో మందు ఒంట్లో ఒక్కో తీరుగ మారుతది. చీకట్ల రాయేసినట్టు ఎక్కువిస్తే ఈ వయసుకు ఊపిరే ఆగుతది."

దివాకర్ కింద కారు దగ్గర ఫోన్లో సరుకు గురించి మాట్లాడుతున్నాడు. సుస్మిత అడిగింది.

"ఏం మందు కాక అది?"

"తెల్లది."

"పేరేంది?"

"పేరెవనికి ఎరుక? ప్యాకెట్ మీద ఏం రాసుండదు. దినాం ఎయ్యి గ్లాసులు అమ్ముతున్న, ఎవడన్న సచ్చిండా?"

పేరు కూడా తెలియదు. నాలుగు ఊళ్ల నోట్లో, కన్నతల్లి నోట్లో పోసేదాని పేరు తెలుసుకోవాలని ఆరేళ్లలో ఒక్కరోజూ అనిపించలేదు. సుస్మిత ప్యాకెట్ కోసం చేయి చాపి నిలబడింది, కదల్లేదు. చివరికి అతనే విసుక్కుంటూ డిక్కీ తెరిచి సగం ప్యాకెట్ చేతిలో పడేశాడు.

ముడి విప్పింది. గాజుపెంకుల్లాంటి పలుకులు, ముక్కుపుటాలు మండించే వాసన. ఒక పుస్తకం పేజీ కళ్ల ముందుకొచ్చింది. కోరుట్లలో నీట్ కోచింగ్. శేఖర్ సార్ బోర్డు మీద ఆల్కహాల్, క్లోరిన్, క్లోరల్ అని గబగబా రాసి, దానికి నీళ్లు కలిపితే వచ్చే ఘాటు వాసన పలుకుల దగ్గర ఆగాడు. ఇది పరీక్షలో రాదు, కొట్టెయ్యండి అన్నాడు. రెండొందల మంది ఒక్కసారే కొట్టేశారు. సుస్మిత ఎర్రపెన్నుతో, స్కేలు పెట్టి మరీ కొట్టేసింది. కెమిస్ట్రీలో నూట ఎనభైకి నూట అరవై మార్కులు తెచ్చుకుంది. ఆ పలుకులు ఇంటి వెనక డ్రమ్ములో కరుగుతుంటే, ఆ వాసన పీలుస్తూనే చదివింది. కాక ఒక్కడే గుడ్డివాడా?

నవనీత ప్యాకెట్ చూసి, క్లోరల్ హైడ్రేటే కావచ్చు, ల్యాబ్ తేల్చేదాకా వేరే మందులూ ఉన్నాయనే అనుకోవాలి అంది. గంట గంటకూ ఊపిరి లెక్కపెడుతూ మందు ఇచ్చింది. లెక్కపెట్టే పని సుస్మిత తీసుకుంది. రెండు రోజులకు వణుకు తగ్గింది. మూడో రోజు మొగిలవ్వ మనుషుల్ని గుర్తుపట్టి, పప్పులో ఉప్పు లేదని గునిసింది.

ఆ సాయంత్రం దివాకర్ సంచీలో సీసా పెట్టుకుని వచ్చాడు. దుకాణంలో గొడవట. రుచి తేడా కొట్టిందని జనం మేడిపల్లి దుకాణానికి పోతున్నారట. చుట్టూ చూసి మూత తీసి తల్లి పెదవుల దగ్గర పెట్టాడు.

"ఒక్క గుక్క అవ్వా. తీపి ఎక్కువైందా, తక్కువైందా, గంత చెప్పు సాలు."

సుస్మిత సీసా లాక్కుంది. మొగిలవ్వ కొడుకు వైపే చూస్తోంది.

"తీపి సంగతి కాదురా. మొదటి దినమే ఎరుకైంది నాకు, గిది కల్లు గాదని. మీ నాయిన గీసిన కల్లు తాగిన నోరు నాది. నీ మొఖం జూసి తలూపిన."

దివాకర్ సుస్మిత వైపు తిరిగాడు.

"సీసా ఇయ్యి. నీ తెల్లకోటు ఎక్కడిదనుకున్నవ్? గీ సీసలకెళ్లి అచ్చిందే."

"ఎరుకే కాక. అందుకే ఇయ్య."

సుస్మిత సీసాను తీసుకెళ్లి నవనీత బల్ల మీద పెట్టింది. పోలీసులకు పంపే కాగితం నింపాలి, కేస్ షీట్ కూడా సరిదిద్దాలి. సుస్మిత పెన్ను అడిగి తీసుకుంది. 'మత్తు అలవాటు' పక్కన తన చేతిరాతలో ఉన్న 'లేదు'ను కొట్టేసింది. రోజూ నాలుగు నుంచి ఆరు గ్లాసులు, ఆరేళ్లు అని రాసింది. పోలీసు కాగితంలో, ఇచ్చింది ఎవరు అన్నచోట కాక పేరు, ఊరు, దుకాణం గుర్తు రాసింది. సమాచారం ఇచ్చినవారు అన్నచోట తన పేరు రాసి, స్కేలు లేకుండానే కింద గీత గీసింది.